మీ మెడికల్ షాపులో కణజీవశాస్త్రవేత్తల వాటా ఎంత?

మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు చాలా ఏళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నారు. మీ అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. మీరు బీఫార్మసీలో చేర్పిద్దామనుకుంటే, తను కణజీవశాస్త్రం చదువుతానని పట్టుబట్టింది. "మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్ల వల్ల నా షాపులోకి ఒక్క మందైనా వచ్చిందా? వస్తే దాని పేరు చెప్పండి" అని అడిగారు.

వచ్చిందండీ. ఒకటి కాదు, చాలానే వచ్చాయి. పేర్లు కింద చెబుతాను. కాకపోతే ఏ స్ట్రిప్పు మీదా వాళ్ల పేర్లు కనిపించవు. కణజీవశాస్త్రవేత్తలు సాధారణంగా మందు తయారుచేయరు. జబ్బుపడిన కణంలో ఏ పని ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో వెతికి చూపిస్తారు. అది తెలిశాక మందు రావడానికి పదిహేనేళ్లు పట్టవచ్చు, ముప్పై ఏళ్లు పట్టవచ్చు, ఎప్పటికీ రాకపోనూవచ్చు. మీ అమ్మాయి ఈ దారిలోకి వెళ్లాలా వద్దా అన్నది ఈ ఒక్క విషయాన్ని మీరిద్దరూ ఎలా తీసుకుంటారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో కణాలను పెంచే ల్యాబుల్లో పనిచేస్తూ వచ్చాను. మొదట పరిశోధన, తర్వాత టీకాల తయారీ. కాబట్టి మీ అరల నుంచే మొదలుపెడతాను.

రోజూ మీరు అమ్మే కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ తీసుకోండి. అది స్టాటిన్ల రకం మందు. స్టాటిన్లను కనిపెట్టినది కణజీవశాస్త్రవేత్తలు కాదు. జపాన్‌లో అకీరా ఎండో వేల రకాల బూజులను జల్లెడపట్టి, 1970లలో మొదటి స్టాటిన్‌ను బయటికి తీశారు. కానీ ఆ మాత్ర రక్తంలో కొలెస్ట్రాల్‌ను ఎందుకు తగ్గిస్తుందో అర్థమైంది మాత్రం అమెరికాలోని డల్లాస్‌లో, మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యుల ల్యాబులో. వాళ్లను పట్టుకున్న ప్రశ్న ఒకటే. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కొలెస్ట్రాల్ ఆరేడు వందలు దాటి ఉంటుంది, ఇరవై ఏళ్లు నిండకుండానే గుండెపోటు వస్తుంది. వంశపారంపర్యమని తెలుసు. లోపం ఎక్కడుందో తెలియదు.

వాళ్లు ఆ పిల్లల చర్మం నుంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను గిన్నెల్లో పెంచారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కణాలకు ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసుకెళ్లే రేణువు) అందిస్తే, బయటి నుంచి కొలెస్ట్రాల్ వస్తోంది కదా అని కణం తన సొంత కొలెస్ట్రాల్ తయారీని ఆపేస్తుంది. ఈ పిల్లల కణాలు ఆపలేదు. ఎంత ఎల్‌డీఎల్ పోసినా సొంత తయారీ సాగుతూనే ఉంది. అయితే కణం లోపలి యంత్రాంగమే చెడిపోయిందా? అది తేల్చడానికి వాళ్లు చేసిన ప్రయోగం నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. ఎల్‌డీఎల్ రూపంలో కాకుండా, కొలెస్ట్రాల్‌ను ఆల్కహాల్‌లో కరిగించి నేరుగా ఇచ్చారు. అలా ఇచ్చిన కొలెస్ట్రాల్ తనంతట తానే పొరలోంచి లోపలికి చేరుతుంది. వెంటనే తయారీ ఆగింది! అంటే లోపల అంతా సవ్యంగానే ఉంది. ఎల్‌డీఎల్‌ను పట్టుకుని లోపలికి తీసుకునే గ్రాహకం కణం పైపొర మీద లేదు. లోపమంతా అదే. 1974 నాటికి ఈ విషయం తేలింది. 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇప్పుడు మీ మాత్ర సంగతి. స్టాటిన్ కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తయారీని అడ్డుకుంటుంది. కణానికి కొరత ఏర్పడుతుంది. ఆ కొరత తీర్చుకోవడానికి అది పైపొర మీద మరిన్ని గ్రాహకాలను పెట్టి, రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. రిపోర్టులో అంకె తగ్గేది ప్రధానంగా ఇందుకే. గ్రాహకమే లేని ఆ పిల్లలకు స్టాటిన్లు అంతంతమాత్రంగా పనిచేయడానికి కారణం కూడా ఇదే. అమ్మకానికి వచ్చిన తొలి స్టాటిన్ లోవాస్టాటిన్ 1987లో అమెరికాలో అనుమతి పొందింది.

కథ అక్కడితో ఆగలేదు. ఈ గ్రాహకం ఆర్టీసీ బస్సులా ట్రిప్పులు వేస్తుంది. ఎల్‌డీఎల్‌ను లోపల దించి, ఖాళీగా పైపొరకు తిరిగి వస్తుంది. ఒక ట్రిప్పుకు సుమారు పది నిమిషాలు, దాని ఆయుష్షు దాదాపు ఇరవై గంటలు. పీసీఎస్‌కే9 అనే ప్రొటీను వచ్చి అంటుకుంటే ఆ గ్రాహకం ఇక తిరిగి రాదు, కణంలో చెత్తను ముక్కలుచేసే లైసోజోమ్‌కు చేరి ముక్కలైపోతుంది. ఈ ప్రొటీనుకు, వంశపారంపర్య కొలెస్ట్రాల్ జబ్బుకు ఉన్న సంబంధం 2003లో బయటపడింది. దాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు 2015లో అనుమతి పొందాయి. ధర ఎక్కువ కాబట్టి మీ దగ్గర ఉండకపోవచ్చు, కానీ హృద్రోగ నిపుణుల చీటీల్లో కనిపించే ఉంటాయి. ఆ ప్రొటీను సంగతి తెలిసిన పన్నెండేళ్లకే మందు వచ్చిందంటే, గ్రాహకం ఎక్కడికి వెళ్తుందో, ఎలా తిరిగి వస్తుందో అప్పటికే తెలిసి ఉండటం వల్లనే.

ఒక పక్క మాట. ఎల్‌డీఎల్ లోపలికి వెళ్లే చోట కణం పొర మీద చిన్న గుంటలు ఉంటాయి. వాటిని 1964లో స్పష్టంగా వర్ణించినవాళ్లు చూస్తున్నది మనిషి కణాల్ని కాదు, గుడ్డు పెట్టబోయే ఆడదోమ అండాశయాన్ని! దోమ గుడ్డులోకి సొన ఎలా చేరుతుందన్నదే వాళ్ల ఆసక్తి. ఆ రోజుల్లో మీరు వాళ్లను "దీనివల్ల రోగికి ఏమిటి లాభం?" అని అడిగి ఉంటే సమాధానం చెప్పగలిగేవాళ్లు కారు.

ఈ రంగంలో ఇది మామూలే. రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాల్బోసిక్లిబ్ పేరు వినే ఉంటారు. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. కణం విభజన మొదలుపెట్టాలంటే సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు పనిచేయాలి. ఆ మందు వాటిని ఆపుతుంది. ఈ కుటుంబానికి చెందిన ఎంజైముల పని తెలిసింది ఎక్కడ? లీలండ్ హార్ట్‌వెల్ బేకరీ ఈస్ట్‌లో చూశారు. పాల్ నర్స్ మరో రకం ఈస్ట్‌లో చూశారు. తూర్పు ఆఫ్రికాలో చిరుధాన్యాలను పులియబెట్టి చేసే కల్లులాంటి పానీయంలో మొదట దొరికిన ఈస్ట్ అది. సైక్లిన్ అనే జోడీ ప్రొటీను టిమ్ హంట్‌కు 1982లో సముద్రపు అర్చిన్ గుడ్లలో దొరికింది. ప్రతి విభజనకు ముందు పేరుకుపోయి, విభజన సమయంలో మాయమయ్యే ప్రొటీను అది. 1987లో నర్స్ బృందం, పనిచేయని ఈస్ట్ జన్యువు స్థానంలో మనిషి జన్యువును పెడితే ఈస్ట్ మళ్లీ మామూలుగా విభజన చెందుతుందని చూపింది. కల్లులో పెరిగే ఈస్ట్‌కూ మనకూ కణవిభజన తాళం ఒకటేనన్నమాట. ముగ్గురికీ 2001లో నోబెల్ వచ్చింది. మందు రావడానికి మరో 14 ఏళ్లు పట్టింది.

ఇమాటినిబ్ గురించి క్లుప్తంగా చెబుతాను. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ రోగుల కణాల్లో ఒక క్రోమోజోమ్ పొట్టిగా ఉందని 1960లో ఫిలడెల్ఫియాలో గమనించారు. 1973లో జానెట్ రౌలీ ఆ ముక్క పోలేదని, 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయని చూపించారు. ఆ అతుకు దగ్గర పుట్టే అసహజ ఎంజైమును ఆపేదే ఇమాటినిబ్. 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన నాట్కో దాన్ని మన దేశంలో చవకగా అందించింది. గ్లివెక్ (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంటుపై 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మీ వ్యాపారంలో ఉన్నవాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

ఇక ఫ్రిజ్ తెరవండి. అందులో ఉన్నవాటిలో చాలా భాగం బతికున్న కణాల్లో తయారైనవే. ఇక్కడ కణం అంటే పరిశోధన వస్తువు కాదు, ఫ్యాక్టరీ.

కోవాగ్జిన్ వైరస్‌ను హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో పెంచింది వీరో కణాల్లో. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ మూత్రపిండం నుంచి జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో 1962లో వేరుచేసిన కణాలవి. వైరస్ దాడి చేసినప్పుడు మామూలు కణం ఇంటర్‌ఫెరాన్ విడుదల చేసి పక్క కణాలను అప్రమత్తం చేస్తుంది. వీరో కణాలకు ఆ శక్తి లేదు. అందుకే వైరస్‌లు వాటిలో నిరాటంకంగా పెరుగుతాయి. మరొక చోట లోపమనిపించే లక్షణమే టీకా తయారీకి వరమైంది. శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా ఈస్ట్‌లో తయారైంది. పరిశోధన దశలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ అనే హైదరాబాద్ పరిశోధన సంస్థ దానికి చోటిచ్చాయి. బయొలాజికల్-ఇ వాళ్ల కరోనా టీకా కోర్బెవాక్స్‌లోని ప్రొటీను కూడా ఈస్ట్‌లోనే తయారైంది. రిటుక్సిమాబ్ వంటి యాంటీబాడీలకు చైనా హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు అండాశయ కణాలు వాడతారు. 1957లో వేరుచేసిన ఆ కణాల వారసులే ఈనాటికీ ప్రపంచమంతా ట్యాంకుల్లో పెరుగుతున్నాయి.

ఈ పనిలో ఉండి చెబుతున్నాను, కణాలను ట్యాంకులో పెంచడమంటే పంచదార నీళ్లలో పులియబెట్టడం కాదు. ఎంత సీరం, ఎంత ఆక్సిజన్, ఎన్నో పాసేజ్ (కణాలను కొత్త గిన్నెలోకి మార్చడం) వరకు వాడవచ్చు, వైరస్ ఎక్కించాక ఏ గంటకు తీయాలి అన్నవన్నీ కణం స్వభావం తెలిసినవాళ్లు తేల్చాల్సినవే. టీకా కంపెనీల్లో ఉద్యోగాలు ఉన్నదీ ఇక్కడే.

మూడో రకం వైద్యంలో మందు స్థానంలో కణాన్నే రోగికి ఇస్తారు. మన రాష్ట్రాలవాళ్లు గర్వపడాల్సిన ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. తాంబూలంలోకి, ఖైనీలోకి అమ్మే సున్నం ప్యాకెట్లు పిల్లల చేతుల్లో చిట్లి కంట్లో పడటం మన దేశంలో తరచూ జరిగే ప్రమాదం. కంటి ముందుండే పారదర్శక పొర కార్నియా. దాని చుట్టూ లింబస్ అనే సన్నని అంచు ఉంటుంది. కార్నియా పైపొర అరిగినప్పుడల్లా దాన్ని తిరిగి నింపే మూలకణాలు అక్కడే ఉంటాయని 1980లలో తేలింది. సున్నం ఆ అంచును కాల్చేస్తే పైపొర ఇక తిరిగి రాదు, రక్తనాళాలు అల్లుకుని కన్ను తెల్లబడుతుంది. అలాంటి కంటికి వేరొకరి కార్నియా అతికించినా నిలవదు, ఎందుకంటే దాన్ని కాపాడే మూలకణాలే లేవు.

ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థలో వీరేందర్ సాంగ్వాన్, గీతా వేముగంటి బృందం 2001 నుంచి చేసింది ఏమిటంటే, బాగున్న కంటి లింబస్ నుంచి చిన్న ముక్క తీసి, ల్యాబులో ఉమ్మనీటి సంచి పొర మీద ఆ కణాలను పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించడం. పదేళ్లలో చేసిన 200 మంది ఫలితాలను ప్రచురించినప్పుడు 71 శాతం మందిలో అది నిలిచింది. తర్వాత అదే సంస్థ మరో అడుగు వేసింది. రెండు మిల్లీమీటర్ల ముక్కను చిన్న చిన్న తునకలుగా చేసి, నేరుగా కంటి మీదనే ఆ పొరపై అతికిస్తే, కణాలు అక్కడే పెరిగి కార్నియాను కప్పుతాయని 2012లో చూపింది. ఖరీదైన ల్యాబు అక్కర్లేదు, ఒక్క ఆపరేషన్ చాలు. ఇప్పుడు ఈ పద్ధతిని అనేక దేశాల్లో వాడుతున్నారు. నాకు నచ్చేది ఇదే. కణాలు ఎలా పెరుగుతాయో ల్యాబులో ఏళ్ల తరబడి చూసినవాళ్లే చివరికి ఆ ల్యాబు అవసరం లేకుండా చేశారు.

ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 కూడా ఈ కోవలోదే. 2023లో అనుమతి వచ్చింది. రోగి రక్తంలోని టీ కణాలను (రోగనిరోధక కణాలను) తీసి, కొన్ని రక్త క్యాన్సర్ కణాలను గుర్తుపట్టేలా జన్యుపరంగా మార్చి, తిరిగి ఎక్కిస్తారు.

ఇప్పుడు అసలు హెచ్చరికలు. మీ కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లు వీటి గురించి తప్పకుండా అడుగుతారు.

గిన్నెలో క్యాన్సర్ కణం చచ్చిందంటే మందు దొరికినట్టు కాదు. "ఫలానా ఆకు క్యాన్సర్‌ను చంపుతుంది" అనే వార్త నెలకొకటి వస్తుంది. గిన్నెలోని కణాలను చంపడం చాలా సులువు. బ్లీచింగ్ పౌడర్ చంపుతుంది, ఎక్కువైతే ఉప్పు కూడా చంపుతుంది. పక్కనే ఉన్న ఆరోగ్యకరమైన కణాన్ని బతకనిచ్చిందా, మింగితే రక్తంలోకి చేరిందా, కణితి వరకూ వెళ్లిందా అన్నవే అసలు ప్రశ్నలు. పసుపులోని కర్క్యుమిన్ మీద వేల పరిశోధన పత్రాలు వచ్చాయి. అది ల్యాబు పరీక్షలనే తప్పుదారి పట్టించే గుణమున్న అణువని, రోగులపై జరిగిన కట్టుదిట్టమైన పరీక్షల్లో నెగ్గలేదని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు ఒక సమీక్షలో తేల్చారు. పసుపు కూరలో వేసుకోండి, కీమో మానేసి మాత్రం వద్దు.

కణాలే తప్పుడువి అయ్యే ప్రమాదం కూడా ఉంది. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ కణితి నుంచి తీసిన హీలా కణాలు ఎంత జోరుగా పెరుగుతాయంటే, ఒక్క చుక్క పొరపాటున వేరే ఫ్లాస్కులో పడితే కొన్నాళ్లకు అందులో అవే మిగులుతాయి. చాలా ల్యాబులు వాడుతున్న కణాలు నిజానికి హీలాయేనని స్టాన్లీ గార్ట్‌లర్ 1966లో బయటపెట్టారు. ఆ సమస్య ఇంకా పూర్తిగా పోలేదు. నేను కొత్తగా వచ్చిన ఏ కణాలనైనా డీఎన్‌ఏ గుర్తింపు పరీక్ష, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఉందేమోనన్న పరీక్ష పూర్తికాకుండా ఇంక్యుబేటర్‌లో మిగతావాటి పక్కన పెట్టనివ్వను. కుర్రవాళ్లు దీన్ని నా చాదస్తమంటారు. అననివ్వండి.

స్టెమ్ సెల్ (మూలకణం) పేరుతో జరిగే వ్యాపారంతో జాగ్రత్త. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులకు చేసే ఎముకమజ్జ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప, మిగతావన్నీ అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్స్‌లో భాగంగానే జరగాలి. ట్రయల్‌లో చేరిన రోగి నుంచి ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు. మోకాళ్లకు, ఆటిజానికి, మధుమేహానికి "మూలకణ ఇంజెక్షన్" అంటూ లక్షలు అడుగుతున్నారంటే అనుమానించాల్సిందే. మూలకణాలు పనికిరావని నేననడం లేదు, పైన కార్నియా సంగతి చూశారుగా. అక్కడ ఏ కణం, ఏ చోట, ఏ పని చేస్తుందో ముందు తెలుసు. ఇక్కడ అవేవీ తెలియకుండానే బిల్లు చేతికిస్తున్నారు.

ఇక మీ అమ్మాయి విషయం. ఇది వద్దని చెప్పను, కానీ పని ఎలా ఉంటుందో తెలుసుకుని రావాలి. కణాలకు ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. 37 డిగ్రీల్లో, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో పెరుగుతూనే ఉంటాయి. అవి పెరిగే పోషక ద్రవం (మీడియా) పసుపు రంగుకు తిరిగితే పండగైనా వచ్చి మార్చాల్సిందే. నెలల తరబడి చేసిన ప్రయోగం "ఏమీ తేడా లేదు" అని తేల్చవచ్చు. రోగి కోలుకుని వచ్చి కృతజ్ఞతలు చెప్పే సందర్భం ఈ వృత్తిలో దాదాపు రాదు. అది కావాలనుకునేవాళ్లు నర్సింగ్, ఫిజియోథెరపీ లాంటి వైపు వెళ్లడం మంచిది, అవీ గౌరవమైన పనులే.

చదువు దారి విషయానికొస్తే, ఒట్టి బీఎస్సీతో ఈ రంగంలో స్థిరపడటం కష్టం. తిరుపతి ఐసర్ లాంటి కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థల్లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బైపీసీవాళ్లకూ అర్హత ఉంది, కానీ ప్రశ్నపత్రంలో గణితం ఉంటుంది కాబట్టి ఆ లోటు ఇప్పుడే పూడ్చుకోమనండి. లేదా మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ, తర్వాత కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ. పరిశోధనకైతే సీఎస్ఐఆర్ నెట్ లాంటి పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. అప్పటికి ఆమె స్నేహితులు ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు. ఈ మాట ఇంట్లో అందరూ ముందే అనుకుని ఉంటే మంచిది. ఎంఎస్సీతోనే టీకా, బయోసిమిలర్ (కణాల్లో తయారయ్యే మందులకు ప్రతిరూపాలు) కంపెనీల్లో ఉత్పత్తి, నాణ్యత విభాగాల్లో చేరేవాళ్లూ ఉన్నారు. మొదట జీతం తక్కువే, చేయి తిరిగినకొద్దీ పెరుగుతుంది.

బీఫార్మసీ చదివితే ఈ తలుపు మూసుకుపోతుందని కూడా అనుకోకండి. ఫార్మసీ నుంచి కణజీవశాస్త్రానికి వచ్చినవాళ్లతో నేను పనిచేశాను. మోతాదు, విషప్రభావం విషయంలో వాళ్ల బుర్ర మాకన్నా చురుకుగా పనిచేస్తుంది. మీ అమ్మాయి రెండింటి మధ్య ఊగిసలాడుతుంటే, డిగ్రీ రెండో ఏడాదిలో ఏదైనా ల్యాబులో వేసవి రెండు నెలలు గడపమనండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అది దొరక్కపోతే శాస్త్రవేత్తలకు నేరుగా ఈమెయిల్ రాయమనండి. వాళ్ల పరిశోధన పత్రం ఒక్కటైనా చదివి, అందులో అర్థం కాని చోటు గురించి ప్రశ్న అడుగుతూ రాయాలి. ఒకే ఈమెయిల్‌ను యాభై మందికి పంపితే ఎవరూ జవాబివ్వరు, నేనూ ఇవ్వను.